నాలుగు కుర్చీలూ ఒక మేకా

మా సారు సత్యనారాయణమూర్తి గారు ముప్పై నాలుగేళ్లు పోలీసు శాఖలో పెద్ద పెద్ద పదవులు చేసి, ఒక్క తూటా పేల్చకుండా రిటైరయ్యారు. శిక్షణలో ఉన్నప్పుడు ఒకటి పేల్చారట. అది గురి పలకను వదిలేసి పక్క తోటలో మామిడికాయను రాల్చిందనీ, తోటమాలి ఆ కాయ పట్టుకొచ్చి నిలదీస్తే సారు దానికి రసీదు రాసిచ్చారనీ నేను అందరికీ చెబుతుంటాను. మామిడికాయ నా సొంత కల్పన. రసీదు మాట మాత్రం ఆయన్ని ఎరిగినవాళ్లెవరూ కాదనరు.

నా పేరు హనుమంతు. పందొమ్మిదేళ్లు ఆయన జీపు నడిపాను. ఇప్పుడు రహమత్ నగర్‌లో ఉంటూ, రోజూ పొద్దున్నే జూబ్లీహిల్స్‌లో ఆయనింటికి వెళ్లి పేపరు తిరగేస్తాను. తిరగేయడమంటే, ఆయన చదువుతారు, నేను వింటాను, మధ్యమధ్య ఇద్దరం పోట్లాడుకుంటాం. రెండు పక్కలా సినిమావాళ్ల మేడలు లేచిపోగా, మధ్యలో ఆయన పెంకుటిల్లు ఇద్దరు పహిల్వాన్ల నడుమ ఇరుక్కున్న బడిపంతులులా ఉంటుంది.

సారు పోలీసు శాఖలో చేసిన మార్పులు చాలా ఉన్నాయి. రెండు వందల పన్నెండు పేజీల నివేదిక కూడా రాశారు. దాన్ని పెద్దవాళ్లు ఎంతో మర్యాదగా బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికి ఇంకో కమిటీ వేశారని నేనంటే సారు నవ్వరు. కానీ ఆయన పేరు చెప్పగానే జనానికి గుర్తొచ్చేది నివేదిక కాదు, కుర్చీ.

ఆయన ఎస్పీగా ఉన్న కొత్తలో ఒకనాడు గళ్ల లుంగీ కట్టి, తలకు తువ్వాలు చుట్టి, ఎద్దు పోయిందని చెప్పుకోవడానికి ఒక ఠాణాకు వెళ్లారు. మూడు గంటలు నిలబెట్టారు. ఎద్దు రంగేమిటని కూడా ఎవరూ అడగలేదు. చివరికి సారు తువ్వాలు తీసి తానెవరో చెప్పేసరికి ఎస్సై కళ్లు తిరిగి పడ్డాడు. పడ్డవాణ్ని కూర్చోబెడదామంటే ఠాణాలో ఇంకో కుర్చీ లేదు. ఆ సాయంత్రమే సారు ఉత్తరువు రాశారు. ఠాణా గడప తొక్కిన ప్రతి మనిషికీ ముందు కుర్చీ వేయాలి. తర్వాత మంచినీళ్లు ఇవ్వాలి. ఆ తర్వాతే పేరడగాలి. చెప్పింది చెప్పినట్టు రాయాలి, రాసింది చదివి వినిపించాలి, నకలు చేతికివ్వాలి.

అంత చిన్న ఉత్తరువుకి ఎంత గోల జరిగిందో. జనం కూర్చుంటే మనమంటే భయమేం ఉంటుందని ఇన్‌స్పెక్టర్లు తలలు పట్టుకున్నారు. సారును పదకొండు చోట్లకు బదిలీ చేశారు. వెళ్లిన ప్రతిచోటా ముందు వడ్రంగిని పిలిపించేవారు. మేం వస్తున్నామని తెలిస్తే ఆ జిల్లాలో టేకు చెట్లు వణికేవని చెబుతాను నేను. కుర్చీల వీపున తెల్ల రంగుతో అంకె వేయించేవారు, ఏ పెద్దమనిషీ ఇంటికి పట్టుకుపోకుండా.

ఇలా ఉండగా, పోయిన ఏడాది రవిచంద్ర అనే కుర్ర దర్శకుడు సారు కథ సినిమా తీస్తానని వచ్చాడు. ఒక హీరో కూడా ఒప్పుకున్నాడట. సోఫా అంచున కూర్చుని, ఎన్ని ఎన్‌కౌంటర్లు చేశారని అడిగాడు. సున్నా అన్నారు సారు. పోనీ ఛేజింగులు అన్నాడు. ఒకసారి నా టోపీ గాలికెగిరితే హనుమంతు వెంటపడ్డాడు, దొరకలేదు అన్నారు సారు. తర్వాత గంటన్నర కుర్చీ గురించి చెప్పారు. ఎత్తు ఎంతుండాలి, చేతులు ఆనించుకునే కర్రలు ఎందుకుండాలి, బెంచీ ఎందుకు పనికిరాదు, అన్నీ. ఆ కుర్రాడి ముఖం చూస్తే నాకే జాలేసింది. పెళ్లిచూపులకొచ్చి పంచాంగం విని పోతున్నవాడిలా బయటికొచ్చి, వసారాలో చెప్పులు వెతుక్కుంటున్నాడు.

అక్కడ నేను నోరు విప్పాను. విప్పకుండా ఉండాల్సింది.

ఒక మిట్టమధ్యాహ్నం సారా గోదాములో పద్దెనిమిది మంది రౌడీలు సారును చుట్టుముట్టారనీ, చేతిలో లాఠీ కూడా లేదనీ, పక్కనున్న కుర్చీ ఎత్తి ఒక్క విసురు విసిరితే అది ఏడుగురిని పడగొట్టి తిరిగి ఆయన చేతికే వచ్చిందనీ చెప్పాను. పద్దెనిమిది నుంచి ఏడు తీసేస్తే మిగిలిన పదకొండు మందీ ఏమయ్యారని అడిగాడు. వాళ్లు కూర్చుండిపోయారన్నాను. కుర్రాడి కళ్లు వెలిగాయి. ఫోన్లో రికార్డు చేసుకున్నాడు. అతిథి ఉత్తచేతులతో పోకూడదని చెప్పానుగానీ, ఇంకే దురుద్దేశమూ లేదు.

మూడు నెలల తర్వాత కథ సిద్ధమైందన్నాడు. కుర్చీ సీను ఉందా అని సారు అడిగితే, సినిమాకి ప్రాణమే అది సార్ అన్నాడు. అబద్ధమేమీ చెప్పలేదు. సారు పొంగిపోయారు. అయినా పోలీసు బుర్ర కదా, తన కథ తీసుకోవచ్చని ఇచ్చే అనుమతి పత్రం మీద సంతకం మాత్రం చేయలేదు. ఆ సీను తీస్తుండగా కళ్లారా చూసి, అప్పుడు చేస్తానన్నారు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. సంతకం లేకపోతే సినిమా లేదు. ఇంకో మాట కూడా అన్నారు, "ఆ షోకు కుర్చీలు పెట్టకండి. ఠాణాలో ఉండే కుర్చీయే కనబడాలి."

ఆ మాట నేను పట్టుకున్నాను. షూటింగుకు ముందురోజు సాయంత్రం, షూటింగు జరిగే ఫిలింనగర్ దగ్గర్లోని ఒక ఠాణాకు పోయాను. పేరు చెప్పను, వాళ్ల తప్పేమీ లేదు. అక్కడ సారు హయాంలో చేయించిన టేకు కుర్చీలు నాలుగున్నాయి. ఎస్సై స్ఫూర్తి బందోబస్తుకు వెళ్లింది. ఠాణాలో రాతకోతలు చూసే రైటరుతో, సారు అడుగుతున్నారు, ఒక్క రోజు అన్నాను. సారు అడగలేదు. కానీ ఆయన పేరు చెబితే ఆ రైటరు గోడలు కూడా ఊడదీసి ఇచ్చేలా ఉన్నాడు. నాలుగు కుర్చీలూ ట్రాలీ ఆటోకెక్కించి, మీద టార్పాలిన్ పట్టా కప్పి, షేక్‌పేటలో చాయ్ తాగుదామని ఆగాను. ఆటో డ్రైవరుకు గోదాము కథ చెబుతూ రెండు చాయ్‌లు తాగాను. కథ బాగా కుదిరింది, ఈసారి రౌడీలు ఇరవై రెండు మంది.

మర్నాడు పొద్దున సారునూ తీసుకుని ఫిలింనగర్ వెళ్లాను. రోడ్డు వార ఒక పాత బంగళాకు ఎరుపూ నీలమూ రంగులు పూసి, పోలీస్ స్టేషన్ అని బోర్డు తగిలించారు. లోపల లాకప్పు, వైర్‌లెస్సు, గోడకు నేరస్థుల ఫొటోలు. ఆ ఫొటోల్లో ఒకటి మేకప్ మనిషిదే. నా కుర్చీలు నాలుగూ బల్ల ముందు కొలువుదీరి ఉన్నాయి. పెరట్లో ఒక తెల్ల మేక, మెడలో బంతిపూల దండతో, అట్టతో చేసిన తులసికోట నములుతోంది.

ఈ షూటింగువాళ్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. అక్కడ ఏ వస్తువు కనబడినా, ఏ మనిషి కనబడినా, ఎవరో తెప్పించే ఉంటారని అనుకుంటారు. ఎవరు తెప్పించారని ఎవరూ అడగరు. అడిగితే ఆ పని మనకే చుడతారని భయం. కళా విభాగంవాళ్లు మేకను దర్శకుడు కోరాడనుకున్నారు. దర్శకుడు వాళ్ల ఆలోచనేమో, బాగుంది అనుకున్నాడు. దండ ఎవరు వేశారో ఇప్పటికీ తెలియదు.

సారు వచ్చీరాగానే కానిస్టేబుల్ వేషగాళ్లను వరసగా నిలబెట్టి తన ఉత్తరువు నేర్పడం మొదలెట్టారు. వాళ్లలో ఓంప్రకాష్ అని ఉన్నాడు. రహమత్ నగర్‌లో మా వీధివాడే. ఇరవై రెండేళ్లుగా కానిస్టేబుల్ వేషం తప్ప ఇంకో వేషం ఎరగడు. అసలు కానిస్టేబుళ్లకన్నా వాడి సెల్యూటే బాగుంటుంది. సారు వాడిచేత కుర్చీ వేయించడం, నీళ్లివ్వడం, పేరడగడం ఇరవైసార్లు చేయించారు. ఒకసారి నీళ్లకన్నా ముందు పేరడిగాడని మళ్లీ మొదటికి తెచ్చారు. "ఇరవై రెండేండ్లల్ల నాకు గింత ట్రైనింగు ఎవ్వరియ్యలే కాకా," అని వాడు నా చెవిలో గొణిగాడు.

ఇంతలో ఫైట్ మాస్టరు వచ్చి రెండు కుర్చీల కాళ్లకు సన్న తీగలు కట్టడం చూశాను. తీగలెందుకని సారు అడిగితే, కదలకుండా ఉండటానికని చెప్పి, దోసెలు చల్లారిపోతున్నాయని రవిచంద్ర ఆయన్ని పక్క గదిలోకి తీసుకుపోయాడు. నేను ఒక స్తంభం చాటుకు జరిగాను.

అప్పుడు గుమ్మంలోకి ఒక ముసలామె వచ్చింది. చేతిలో ఒక తాడు, దాని చివర ఏమీ లేదు. కెమెరా వాళ్లు దీపాలు సరిచూసుకుంటూ తీస్తున్నారు. ఎవరో పంపిన ఆర్టిస్టు అనుకున్నారంతా. ఓంప్రకాష్ కూడా అదే అనుకున్నాడు. పైగా ఇరవైసార్లు నేర్చిన పాఠం కదా, లేచి కుర్చీ జరిపి, నీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఆమె గ్లాసు ఖాళీ చేసేదాకా ఆగి, అప్పుడు పేరు అడిగాడు.

"కొమురమ్మ. షేక్‌పేటల ఉంట బిడ్డా. నా ముత్యాలు పోయింది."

"బంగారం పెట్టి చేయించినవా, ఉత్త ముత్యాలేనా?"

"మేక రా నాయినా. తెల్లది. నిన్న పొద్దుమీకి చాయ్ డబ్బా కాడ కట్టేసిన. మల్లొచ్చి సూస్తే తాడున్నది, మేక లేదు."

ఓంప్రకాష్ బల్ల మీది ఉత్తుత్తి రిజిస్టరు తెరిచి, ఆమె చెప్పిందంతా చెప్పినట్టే రాశాడు. మేక కుడి చెవి చిరిగి ఉంటుందని, పిలిస్తే పలుకుతుందని, ఎండు రొట్టె అంటే ప్రాణమని. రాసింది చదివి వినిపించాడు. ఆమె రొట్టె కాదు, జొన్నరొట్టె అని దిద్దించింది. మళ్లీ చదివాడు. నకలు రాసి చేతికిచ్చాడు. అప్పటికే తిరిగొచ్చి మానిటరు తెర ముందు కూర్చున్న రవిచంద్ర ఊపిరి బిగబట్టి, ఈమె ఎవరండీ బాబూ ప్రాణం పోసేస్తోంది, ఆపకండి ఆపకండి అని గుసగుసలాడుతున్నాడు. తలుపు దగ్గర సారు, చేతిలో సగం దోసెతో, కదలకుండా నిలబడిపోయారు. ఆయన కళ్లలో నీళ్లు చూడటం అది రెండోసారి. మొదటిసారి ఎప్పుడన్నది ఇప్పుడు చెబితే కథ దారి తప్పుతుంది.

కొమురమ్మ కాగితం కళ్లకద్దుకుంది. "పెద్ద ఠాణాకు పోయిన బిడ్డా పొద్దుగాల. రెండు గంటలు నిలబెట్టిండ్రు. మోకాళ్లు గుంజినయి. కూసుంటనంటే కుర్చీలు లేవన్నరు. ఎవలో పెద్దసారు తెప్పిచ్చుకున్నడంట."

సారు దోసె పక్కన పెట్టారు. మెల్లగా నడిచి ఆమె కుర్చీ వెనక్కి వెళ్లి వంగి చూశారు. తెల్ల రంగుతో వేసిన అంకె ఉంది అక్కడ. ఆ అంకె ఆయన వేయించిందే. నిటారుగా లేచి చుట్టూ చూశారు. నా స్తంభం సన్నది, నేను లావు.

"హనుమంతూ, ఈ కుర్చీలు ఎక్కణ్నుంచి వచ్చాయయ్యా?"

ఒకప్పుడు నిజాం కాలంలో అని మొదలుపెట్టబోయాను. కథ వద్దు అన్నారు. ఇన్నేళ్లలో ఆయన ఆ మాట అనడం అదే మొదలు. అందుకని ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. రైటరు, ట్రాలీ ఆటో, పట్టా, షేక్‌పేటలో చాయ్. చాయ్ దాకా వచ్చేసరికి నా మాట నాకే వినబడి ఆగిపోయాను. అదే సమయానికి పెరట్లోంచి మే అని వినబడింది. కొమురమ్మ లేచి ముత్యాలూ అంది. అది తులసికోట వదిలేసి, బంతిపూల దండతో, పెళ్లికూతురిలా సరాసరి ఠాణాలోకి నడిచొచ్చింది.

పట్టా కింద కుర్చీల నడుమ మేక ఎక్కి కూర్చుంటే చూసుకోలేదా అని మీరడగొచ్చు. నేను ముందు సీట్లో ఇరవై రెండు మంది రౌడీలతో తీరిక లేకుండా ఉన్నాను. బంగళా దగ్గర చీకట్లో దించుకున్నది షూటింగువాళ్లు.

సారు ఇంకా వదల్లేదు. కుర్చీకి కట్టిన తీగ పట్టుకుని, ఇది దేనికని రవిచంద్రను అడిగారు. ఇక దాచలేక చెప్పేశాడు, హీరో కుర్చీ విసిరితే ఏడుగురు పడాలి, కుర్చీ తిరిగి చేతికి రావాలి అని. ఇది ఎవరు చెప్పారు మీకు అని అడిగారు. రవిచంద్ర నా వైపు చూశాడు. అందరి తలలూ స్తంభం వైపు తిరిగాయి. మేక కూడా తిరిగిందని నేనంటే మీరు నమ్మరు, కానీ తిరిగింది.

సారు కేకలేయలేదు. వేసి ఉంటే బాగుండేది.

"ముప్పై నాలుగేళ్లు తోస్తే ఆ కుర్చీ ఈమె కిందికి వచ్చిందయ్యా," అన్నారు. "నువ్వొక్క సాయంత్రంలో లాగేశావు. లాగి, విసరమని వాళ్ల చేతికిచ్చావు."

జేబులోంచి అనుమతి పత్రం తీసి, చూసుకుని, మళ్లీ జేబులోనే పెట్టుకున్నారు. రవిచంద్ర ముఖం తెల్లబోయింది. సారు తన చేత్తోనే తీగలు విప్పి, డెబ్బై ఒక్క ఏళ్ల వయసులో కుర్చీ ఎత్తి నెత్తిన పెట్టుకుని బయటికి నడిచారు. ఆటో పిలుస్తానన్నాను. నీ ఆటోలో ఇంకేం ఎక్కుతాయో అన్నారు.

అప్పటికి హీరో తన బండిలోంచి దిగాడు. నలుగురు గొడుగులు పట్టేవాళ్లున్న మనిషి. సంగతి తెలుసుకుని, ఏమనుకున్నాడో ఏమో, "అంకుల్, ఇటివ్వండి, మీకెందుకు," అని సారు నెత్తి మీది కుర్చీ లాక్కుని తన భుజాన వేసుకున్నాడు. రెండోది రవిచంద్ర, మూడోది నేను. నాలుగోది ఓంప్రకాష్ ఎత్తాడుగానీ గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఈ డ్రెస్సుల గాడికి వస్తే నన్ను లోపలేస్తరు సార్," అని చొక్కా విప్పి, పక్క షూటింగులోని డ్యాన్సర్ల దగ్గర పూలచొక్కా అడిగి వేసుకుని వచ్చాడు. ముందు మేకతో కొమురమ్మ, వెనక సారు, ఆ వెనక మేం నలుగురం కుర్చీలతో, ఫిలింనగర్ రోడ్డు మీద కిలోమీటరు పైగా నడిచాం. మమ్మల్ని ఎవరూ ఏమిటని అడగలేదు. షూటింగనుకున్నారు. కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబుల్ కెమెరా ఎక్కడుందో కనబడక, అయినా తల దువ్వుకుని, బండ్లన్నీ ఆపి మాకు దారిచ్చాడు.

ఠాణాలో ఎస్సై స్ఫూర్తి ఉంది. వరసగా మేక, మాజీ పెద్దసారు, హీరో, పూలచొక్కా లోపలికి వస్తుంటే లేచి నిలబడింది. సారు జరిగింది రెండు ముక్కల్లో చెప్పి, కుర్చీలు బల్ల ముందు పెట్టించి, మొదటి దానిలో కొమురమ్మను కూర్చోబెట్టారు. ఫిర్యాదు ఉంది తీసుకోమన్నారు. మేక దొరికింది కద సార్ అంది స్ఫూర్తి. దొరికింది మేకే, రెండు గంటలు నిలబడ్డది ఆమె కదమ్మా అన్నారు సారు. స్ఫూర్తి నీళ్ల గ్లాసు తెప్పించి, కలం తీసింది.

ముద్దాయి నేనే. ముద్దాయిని నిలబెట్టాలా కూర్చోబెట్టాలా అని రైటరుకు అనుమానం వచ్చింది. నిన్న నాకు కుర్చీలిచ్చిన వాడే, ఇవాళ నా వైపు చూడటం లేదు. ఉత్తరువులో గడప తొక్కిన ప్రతి మనిషికీ అని ఉందని సారు గుర్తుచేశారు. నన్ను రెండో కుర్చీలో కూర్చోబెట్టారు. మూడో దానిలో హీరో, నాలుగో దానిలో రవిచంద్ర, సాక్షులుగా. సారు గోడకానుకుని నిలబడ్డారు. స్ఫూర్తి తన కుర్చీ ఇవ్వబోతే, అది నీదమ్మా, నువ్వు రాయాలి అన్నారు.

రాయడం అయ్యాక స్ఫూర్తి చదివి వినిపించింది. కొమురమ్మ శ్రద్ధగా విని, నన్ను చూపిస్తూ, ఒక మాట తప్పిపోయిందంది. "గీన మంచోడే గని నోరెక్కువ అని చెప్పిన గద. అది రాయలే." అది కేసుకు అవసరం లేదమ్మా అంది స్ఫూర్తి. చెప్పింది చెప్పినట్టు రాయాలి అని గోడ దగ్గర్నుంచి వినబడింది. రాశారు. మేక తనంతట తాను ఎక్కిందని తేలాక కేసు అక్కడికక్కడే మూసేశారుగానీ, ఆ వాక్యం మాత్రం సర్కారు ముద్రతో అలాగే ఉండిపోయింది.

ఇదంతా జరుగుతుండగా గుమ్మంలోకి ఒక పెద్దాయన వచ్చాడు. మోతీనగర్ నుంచి వచ్చానని, బస్సులో ఫోను పోయిందని నసుగుతూ, లోపల ఇంతమందిని చూసి గడప దగ్గరే ఆగిపోయాడు. ఓంప్రకాష్ నీళ్లకు పోయాడు. హీరో లేచాడు. తన కుర్చీని చేత్తో తుడిచి, ఆ పెద్దాయన వైపు జరిపి, కూర్చోండి అని, తాను వెళ్లి సారు పక్కన గోడకానుకున్నాడు. ఆ పెద్దాయనకు కళ్లజోడు సరిగా ఆనదేమో, హీరోను గుర్తుపట్టలేదు. నువ్వు ఈ ఠాణాలో కొత్తగా చేరావా నాయనా అని అడిగాడు.

సారు జేబులోంచి కాగితం తీశారు. కలం స్ఫూర్తిని అడిగి తీసుకుని, గోడకే ఆనించి, నిలబడే సంతకం చేశారు. గోదాము ఫైటు తీసేస్తే హీరోకు పని తగ్గిపోతుందని రవిచంద్ర గొణిగితే, లేచి కుర్చీ ఇవ్వడం వచ్చింది కదయ్యా, అదే పని, అన్నారు.

సినిమా ఇంకా రాలేదు. ఆ పొద్దున ఎవరో తెలియకుండానే తీసిన కొమురమ్మ సీను అలాగే ఉంచారని, దానికి ఆమెకు పారితోషికంగా జొన్నరొట్టెలు పంపారని ఓంప్రకాష్ చెప్పాడు. రొట్టెలు మేక తిన్నదట. సారు మాత్రం మూడు రోజులు నాతో పేపరు గురించి పోట్లాడలేదు. నాలుగో రోజు తానే పిలిచి, ఆ గోదాములో మిగిలిన పదకొండు మందీ కూర్చోవడానికి కుర్చీలు ఎక్కడివయ్యా అని అడిగారు.

నేను జీపులో తెచ్చానన్నాను. పట్టా కప్పి.